శీలావతి చెరువులో వదలని పేను: ఒక కేస్ స్టడీ

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో పేను (చేప ఒంటికి అంటుకుని రక్తం పీల్చే చిన్న పరాన్నజీవి) పట్టని పంట అరుదు. దాన్ని గుర్తుపట్టడం రైతుకు వచ్చు, దానికి వాడే మందూ తెలుసు. అయినా ఒకే పంటలో పదేపదే మందు కొట్టి, చివరికి చేపను వచ్చిన ధరకు వదిలించుకునే వాళ్లను ఏటా చూస్తున్నాను. చెరువులకు సాంకేతిక సలహాలివ్వడం నా వృత్తి. మందు పనిచేస్తూ ఉండగానే సమస్య తీరకుండా ఎలా ఉండగలదో ఈ కేసు చాలా స్పష్టంగా చూపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను. ఏం చేశామన్న దానికంటే ఎందుకు చేశామన్న దానికే ఎక్కువ చోటిస్తున్నాను. చెరువు మారితే కారణాలు మారతాయి, అప్పుడు చేయాల్సిన పనీ మారుతుంది.

నేపథ్యం

చెరువు పాత కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల సరిహద్దులో ఉంది. కొల్లేరు అభయారణ్యం పరిధికి బయటిది కాబట్టి 2006లో జరిగిన గట్ల కూల్చివేత దీన్ని తాకలేదు. ఊరి పేరు, రైతు వివరాలు రాయడం లేదు. విస్తీర్ణాన్నీ, నెలలనూ కూడా గుర్తుపట్టడానికి వీలు లేకుండా కొద్దిగా మార్చాను. సుమారు ఇరవై ఎకరాలు, అయిదారు అడుగుల లోతు, నల్లరేగడి నేల. రైతు దాన్ని లీజుకు తీసుకున్నాడు. వేసిన చేపలో అత్యధిక భాగం శీలావతి (రోహు), పదో వంతు కట్ల. పిల్లలు ఈ ప్రాంతపు అలవాటు ప్రకారం ఇరుకు చెరువులో ఎదుగుదల ఆపి ఉంచిన ఏడాది వయసు జీరో సైజువి. వాటిని వర్షాకాలం మొదట్లో వదిలారు.

మేత పద్ధతి కూడా ఇక్కడిదే. నూనె తీసిన తవుడు, పత్తి చెక్క కలిపి అడుగున రెండు వరుసలుగా చిల్లులు పెట్టిన సంచుల్లో నింపుతారు. నీళ్లలో పాతిన వెదురు గెడలకు ఆ సంచులను కడతారు. చేప వచ్చి సంచిని పొడుచుకుని తింటుంది. మేత వృథా తక్కువ, పని తేలిక. రెండు మూడు గంటల్లో సంచి ఎంత ఖాళీ అయిందో చూసి మర్నాటి మేత నిర్ణయించుకోవచ్చు. కోస్తా జిల్లాల్లో మన రైతులే అనుభవంతో తీర్చిదిద్దుకున్న పద్ధతి ఇది. దాని మీద నాకు గౌరవం ఉంది. ఈ కేసులో చిక్కుముడి కూడా అక్కడే ఉందని తర్వాత తేలింది. ఈ చెరువులో అలాంటి గెడలు నూట యాభై దాకా ఉన్నాయి. వాటిలో చాలావరకు అంతకుముందు లీజుదారు పాతినవి. రెండు మూడు పంటలుగా నీళ్లలోంచి బయటికి తీయలేదు.

మరో సంగతి కూడా చెప్పాలి. లీజు డబ్బు ముందే కట్టేశాడు. మేత అప్పు మీద వస్తుంది. మందులు కూడా అదే ఖాతాలో, అదే దుకాణం నుంచి వస్తాయి. పేను బాధకు చేప నీళ్లలోంచి ఎగిరితే రైతు ఫోను చేసేది అక్కడికే. అక్కడి నుంచి సలహా, డబ్బా రెండూ కలిసే వస్తాయి. దుకాణదారును తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కష్టకాలంలో అప్పిచ్చేది అతనొక్కడే. కానీ చేపను పట్టి చూడకుండా మందు మొదలయ్యే దారి అది.

సమస్య

నన్ను పిలిచింది కార్తీక మాసం చివర్లో. అప్పటికి రైతు సింథటిక్ పైరెథ్రాయిడ్ రకం పురుగుమందు చాలాసార్లు కొట్టాడు. చివరిసారి మోతాదు రెట్టింపు చేశాడు. ప్రతిసారీ చేప తేరుకునేది, రెండు మూడు వారాలకు మళ్లీ ఎగరడం, గెడలకు ఒళ్లు రుద్దుకోవడం మొదలయ్యేది. సంచుల్లో మేత మిగిలిపోతోంది. రెండు నెలలుగా ఎదుగుదల దాదాపు లేదు. ఒంటిమీద ఎర్ర మచ్చలు వచ్చాయి. పైగా చివరి మందు తర్వాత తెల్లవారుజామున కట్ల గాలి కోసం నీటి పైకి తేలుతోంది.

రైతు అడిగింది ఒక్కటే: "ఈ మందుకు పేను అలవాటుపడిపోయిందండీ. ఇంతకంటే గట్టిది ఏదైనా ఉందా?"

సమంజసమైన ప్రశ్నే. ఇదివరకు డైక్లోర్వాస్ అనే పురుగుమందు వాడేవారు. అది నిషేధంలోకి వెళ్లి 2020 చివరితో ఆగిపోయింది. ఇప్పుడు చేతిలో ఉన్న మందులు తక్కువ. వాటిలో ఒకటి పనికిరాకుండా పోయిందంటే చిన్న విషయం కాదు. అందుకే గట్టి మందు సంగతి తర్వాత చూద్దామని, ముందు ఈ మందు నిజంగా విఫలమైందా లేదా అన్నదే తేల్చుకోవాలనుకున్నాను.

మొదటి పరిశీలన

విసురు వలను సంచుల దగ్గర మాత్రమే వేస్తే మేతకు వచ్చే ఆరోగ్యమైన చేపే ఎక్కువగా పడుతుంది. నీరసించినది గాలి తోసే మూలన, తూము దగ్గర చేరుతుంది. అందుకే మూడు చోట్ల వేయించాం. పట్టిన చేపను తడి గుడ్డ మీద పడుకోబెట్టి, రెక్కల మొదళ్లు, మొప్ప మూత లోపలి వైపు, పొట్ట కింద వెతికాం. శీలావతికి సగటున నలభై దాకా పేలున్నాయి, కట్లకు అయిదారు. రెండు జాతుల మధ్య ఈ తేడా మామూలే. మన చెరువుల్లో ఎక్కువగా కనిపించే ఆర్గ్యులస్ సియామెన్సిస్‌కు శీలావతి అంటే మహా ఇష్టం. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీని మీద చాలా పని చేశారు. ఈ పేను వల్ల శీలావతి, కట్ల వంటి కార్పు జాతి చేపల చెరువులకు హెక్టారుకు ఏటా సుమారు 29,500 రూపాయల నష్టమని 2013లో వాళ్లు వేసిన లెక్క.

నాకు అక్కరకొచ్చింది సంఖ్య కన్నా పేల సైజు. చాలావరకు ఒకటి రెండు మిల్లీమీటర్ల పిల్ల పేలే. అరచేతిలో నీటిచుక్కలో వేస్తే పారదర్శకంగా ఉండి, రెండు నల్లటి కళ్లు మాత్రం కదులుతూ కనిపిస్తాయి. అయిదు మిల్లీమీటర్లు దాటిన పెద్దవి తక్కువ. ఇక్కడే ఆలోచన మలుపు తిరిగింది. మందుకు తట్టుకుని బతికినవైతే అన్ని వయసులవీ ఉండాలి. కాలువ నీటిలోనో, కొత్త చేపతోనో వచ్చినవైతే పెద్దవి కలిసే ఉంటాయి. దాదాపు అన్నీ పిల్లలే అంటే ఈ చెరువులోనే, మందు కొట్టిన తర్వాత, గుడ్లు పిగిలి వచ్చినవన్నమాట. మందు కొట్టిన రెండో రోజు చేప ఎలా ఉండేదని రైతును అడిగాను. శుభ్రంగా ఉండేదని చెప్పాడు. అంటే మందు పెద్ద పేలను చంపుతోంది. గుడ్డును మాత్రం తాకలేకపోతోంది. ఈ మందుల స్వభావమే అంత.

మొప్పలనూ, చర్మపు జిగురునూ మైక్రోస్కోపు కింద చూశాం. చెప్పుకోదగ్గ మరో పరాన్నజీవి లేదు. ఎర్ర మచ్చలు పేను కుట్టిన చోట్లే ఉన్నాయి, లోతైన పుండ్లు లేవు. అందుకే యాంటీబయాటిక్ కలిపిన మేత వద్దన్నాను. గాయం చేసేవాడు చెరువులో ఉండగా గాయానికి మందు పెట్టడం డబ్బు దండగ. పైగా అనవసరంగా వాడిన ప్రతి యాంటీబయాటిక్ రేపటి అవసరానికి పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

నీటి పరిస్థితే ఎక్కువ కలవరపెట్టింది. తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు దిగువన ఉంది. మధ్యాహ్నం పీహెచ్ 9 దాటుతోంది. గాలివాలున ఆకుపచ్చ తెట్టు కట్టింది. ప్లాంక్టన్ వల ఈడిస్తే జంతు ప్లవకాలు (నీటిలో తేలాడే సూక్ష్మ జీవులు) దాదాపు లేవు. పేను కూడా రొయ్య, పీతల జాతికి చెందిన జీవే. పేనును చంపే పైరెథ్రాయిడ్ అదే జాతికి చెందిన నీటి ఈగలనూ, కోపిపాడ్లనూ వదిలిపెట్టదు. కట్లకు ఆహారం అవే, నాచును మేసి అదుపులో ఉంచేవీ అవే. అవి పోయాక నాచు పెరిగింది. రాత్రిపూట నాచు ఆక్సిజన్ తాగేసింది, కట్ల తేలింది. రైతు ఎదుర్కొంటున్న రెండో సమస్యకు మూలం మొదటి సమస్యకు చేసిన వైద్యమే.

ప్రయత్నాలు, అవి ఎక్కడ ఆగిపోయాయి

మొదటి నిర్ణయం పేనుకు ఏ మందూ కొట్టకపోవడం. రైతుకు ఇది మింగుడుపడలేదు. ఆక్సిజన్ అందక నీరసించిన చేప మీద పైరెథ్రాయిడ్ పడితే పేనుతోపాటు చేపా పోవచ్చు. ఈ మందులు చల్లటి నీటిలో మరింత విషపూరితంగా పనిచేస్తాయి కూడా, అప్పటికే చలి మొదలైంది. మేత సగానికి తగ్గించాం. మిగిలిన మేతే కుళ్లి నాచుకు ఎరువవుతోంది కాబట్టి ఇది ముఖ్యం. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు అద్దెకు తెచ్చి అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా తిప్పాం. అడుగు నీరు కొంత తీసి, కాలువ నీటిని సన్న జాలీ గుండా పెట్టాం. వారం గడిచేసరికి తేలడం ఆగింది.

ఆ తర్వాత మందును తేదీల ప్రకారం వాడాలనుకున్నాం. 28 డిగ్రీల నీటిలో ఈ పేను గుడ్డు పిగలడానికి సుమారు 15 నుంచి 17 రోజులు పడుతుంది. పిల్ల పెద్దదై గుడ్లు పెట్టే దశకు రావడానికి మరికొన్ని వారాలు. కాబట్టి ఒకసారి మందు కొట్టి పెద్దవాటిని చంపి, ఆ గుడ్లు పిగిలాక, పిల్లలు గుడ్లు పెట్టకముందే రెండోసారి కొడితే చక్రం తెగాలి. కాగితం మీద ఇది సరిగ్గానే ఉంది. మోతాదు లేబుల్ మీద రాసినంతే. పీహెచ్ తక్కువగా ఉండే ఉదయం పూట కొట్టాం. మధ్యాహ్నపు నీటిలో ఈ మందు త్వరగా విచ్ఛిన్నమవుతుంది.

ఫలితం సగమే వచ్చింది. మొదటి మందుకు పేను బాగా తగ్గింది, రెండోదానికి ఇంకా తగ్గింది, నెల తిరిగేసరికి మళ్లీ పిల్ల పేలు కనిపించాయి. కారణం వెతికితే రెండు విషయాలు తేలాయి. డిసెంబరు ఉదయాల్లో చెరువు నీరు 23 డిగ్రీల దగ్గర ఉంది. ఆ చలిలో గుడ్డు పిగలడం బాగా ఆలస్యమవుతుంది. పైగా గుడ్లన్నీ ఒకేరోజు పెట్టినవి కావు. కొన్ని ముందు పిగిలాయి, కొన్ని రెండో మందు ప్రభావం పోయాక పిగిలాయి. గుడ్లు ఎంత ఎక్కువగా నిల్వ ఉంటే ఈ వ్యత్యాసం అంత పెరుగుతుంది. రెండు సార్లు చాలకపోతే మూడోసారి, నాలుగోసారి కొట్టవచ్చు. కానీ కోలుకుంటున్న జంతు ప్లవకాలు మళ్లీ పోతాయి, మళ్లీ నాచు, మళ్లీ తేలడం.

ఈ లెక్కలో చెరువు గట్టు దాటిన విషయం కూడా ఒకటుంది. ఈ నీరు డ్రెయిన్ గుండా చివరికి చేరేది కొల్లేరుకే. అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2002లో చేరిన సరస్సు అది. దాని ఒడ్డున ఉన్న ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఆ నీటిలోని చిన్న చేపలు బతికేది మనం చెరువులో చంపుతున్న జీవాల వంటి వాటి మీదే. ఒక చెరువు మందు వల్ల సరస్సు చెడిపోతుందని నేను చెప్పలేను. కానీ వేల ఎకరాల చెరువుల డ్రెయిన్లు అక్కడే కలుస్తున్నాయన్నది మరచిపోయి మోతాదు రాయడం నాకు చేతకాదు.

మేతలో కలిపి తినిపించే మందు ఆలోచన కూడా వచ్చింది. వద్దనుకోవడానికి బలమైన కారణం ఉంది. సంచి మేతలో ఏ చేప ఎంత తింటుందో మన చేతిలో లేదు. పేను ఎక్కువగా పట్టిన చేప మేతకు రాదు, ఆరోగ్యంగా ఉన్నది రెట్టింపు తింటుంది. మందు అవసరమైన చేపకు అందదు, అక్కరలేని దానికి ఎక్కువవుతుంది. తేలే గుళికల మేత వేసే చెరువైతే ఈ విషయంలో మళ్లీ ఆలోచించేవాణ్ణి.

గెడలు

సంక్రాంతి దగ్గర పడుతుండగా ఒక వరుస సంచులను లోతు వైపు మార్చడానికి పాత గెడలు పీకుతున్నారు. చెరువు మీద కాపలా ఉండే దంపతులే ఆ పని చేస్తున్నారు. ఆవిడ ఒక గెడను గట్టు మీదికి లాగుతూ, "ఇది చూడండి సార్, నీళ్లలో ఉన్న చోట ఇసుక పట్టినట్టు గరుకుగా ఉంది. వెదురు ఇలా ఉండదు కదా" అంది.

"ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా" అని తీసుకుని భూతద్దం పెట్టి చూశాను. నీటిమట్టానికి అడుగు కింద మొదలై మూడడుగుల దాకా, గెడ పొడవునా, జిగురుతో అంటించిన సన్నటి వరుసలు ఉన్నాయి. ఒక్కో వరుసలో గింజల్లా గుడ్లు, పక్కపక్కనే పేర్చినట్టున్నాయి. కొన్ని మీగడ రంగులో ఉన్నాయి, కొన్ని గోధుమ రంగుకు తిరిగాయి. ముదిరిన వాటిలో, పెంకు లోపల, రెండు నల్లటి చుక్కలు కనిపించాయి. అవి పిల్ల పేను కళ్లు. కొన్ని పెంకులు ఖాళీగా ఉన్నాయి. అదే వరుస మీద కొత్త వరుస కూడా ఉంది. మరో పది గెడలు వేర్వేరు చోట్ల పీకించాం. సంచులు కట్టినవాటికి దట్టంగా ఉన్నాయి, కట్టని వాటికి పలచగా ఉన్నాయి.

ఆడ పేను గుడ్లు పెట్టడానికి చేపను వదిలి గట్టి ఉపరితలాన్ని వెతుక్కుంటుందన్నది పుస్తకాల్లో ఉన్నదే. ఈ చెరువులో దాని అర్థమేమిటో ఆ రోజు కళ్లకు కట్టింది. రేగడి నేల, అడుగున మెత్తటి బురద. గట్టుకు రాళ్లు లేవు. నీటి మొక్కలు లేవు. ఇరవై ఎకరాల నీటిలో గట్టి ఉపరితలాలంటే గెడలు, తూము చెక్కలు, నాటు పడవ అడుగు, మేత సంచులు, అంతే. చేప రోజూ వచ్చి ఒళ్లు రాసుకునే చోటే, తినడానికి గుమిగూడే చోటే, పేను గుడ్లు పెడుతోంది. పిగిలిన పిల్ల ఆకలితో ఎక్కువ రోజులు బతకలేదు. కానీ దానికి వెతుక్కునే పనే లేదు, చేప దాని దగ్గరికే వస్తోంది. సంచులకు దగ్గరి గెడలకే ఎందుకు దట్టంగా ఉన్నాయో కూడా ఇప్పుడు అర్థమైంది.

ఈ పరిస్థితిలో ఒక అనుకూలత ఉంది. గుడ్లు పెట్టడానికి చోట్లు ఇన్నే ఉంటే, అవన్నీ మన చేతికి అందేవే.

ఏం చేశాం

గెడలన్నీ తీసేసి గుళికల మేతకు మారడం ఒక మార్గం. ఖర్చు చూసి వదిలేశాం. అప్పు మీద నడిచే పంటను మధ్యలో ఖరీదైన మేతకు మార్చమనడం రైతుకు మేలు చేయదు. రెండు జతల గెడలు పెట్టుకుని మార్చడం మరో మార్గం. నూట యాభై గెడలు ప్రతిసారీ పీకడం, మళ్లీ పాతడం ఇద్దరు మనుషుల వల్ల కాదు. చివరికి గట్టు నుంచి గట్టుకు, నీటికి పైన, లావుపాటి నైలాన్ తాళ్లు కట్టి సంచులను వాటికి వేలాడదీశాం. తాడు కుంగకుండా మధ్యమధ్య కొన్ని కొత్త గెడలు తప్పలేదు. పాతవన్నీ పీకి చెరువుకు దూరంగా ఎండబెట్టాం. సంచులు రెండు జతలు చేసి, ఒకటి నీళ్లలో ఉండగా రెండోది ఎండలో ఉండేలా చూశాం. తూము చెక్కలు, పడవ అడుగు గీకి, గీకిన మడ్డిని గట్టు అవతల పారబోశాం.

అన్ని ఉపరితలాలూ తీసేస్తే సరిపోదా అని రైతు అడిగాడు. అలా చేస్తే పేను మిగిలిన ఏ మూలనో, మనకు కనపడని చోట పెడుతుంది. దానికి నచ్చే చోటును మనమే ఇచ్చి, పిగలకముందే తీసేయడం మేలనిపించింది. చలి దేశాల ట్రౌట్ చేపల చెరువుల్లో ఇదే కుటుంబపు పేనుకు గుడ్ల పలకలు పెట్టి తీసిన అనుభవం ఉంది. పాత ప్లాస్టిక్ డ్రమ్ములను కోసి గరుకు పలకలు చేయించాం. సంచుల వరుసల పక్కనే, రెండడుగుల లోతులో వేలాడదీశాం. వాటిని ఎన్నాళ్లకొకసారి తీయాలన్నది గుడ్డు పిగిలే కాలాన్ని బట్టి ఉంటుంది. వేడెక్కిన నీటిలో కూడా పిగలకముందే తీయాలి కాబట్టి పది రోజులు గరిష్ఠ పరిమితి అనుకున్నాం. కానీ పది రోజుల లెక్క ఎవరికి గుర్తుంటుంది? ఊళ్లో వారపు సంత ఉంది. సంత రోజు పొద్దున్నే పలకలు మార్చాలన్నాం. అది ఒక్కసారి కూడా తప్పలేదు. తీసిన పలకలు మరుసటి సంత దాకా ఎండలోనే ఉంటాయి. పూర్తిగా ఆరిన గుడ్డు పిగలదు.

ఇదంతా అమల్లోకి వచ్చాక ఒకే ఒక్కసారి, లేబుల్ మోతాదులో, మందు కొట్టాం. అప్పటికే చేప మీదున్న పెద్ద పేలను ఏ పలకా తీయలేదు కదా. ఇంతకుముందు మందుకూ దీనికీ తేడా ఏమిటంటే, ఈసారి వెనక గుడ్ల నిల్వ చాలా తగ్గింది. మిగిలిన పంట కాలంలో మందు అవసరం రాలేదు.

లెక్కపెట్టే పని కాపలాదారు భార్య తీసుకుంది. నేను చేపను తడి గుడ్డ మీద పెట్టి వెతికేవాణ్ణి. ఆవిడ తెల్లటి ఎనామిల్ బేసిన్‌లో నీళ్లు పోసి, చేపను అందులో పట్టుకుని, తల నుంచి తోక వైపు అరచేత్తో మెల్లగా తుడిచేది. పేలు ఊడి తెల్లటి అడుగు మీద ఈదుతూ కనిపించేవి. నా పద్ధతిలో మొప్ప మూత కింది చిన్నవి తప్పిపోయేవి. ఇందులో తప్పేవి కావు. ఇప్పుడు అన్ని చెరువుల్లోనూ ఆవిడ పద్ధతే వాడుతున్నాను. ప్రతి సంత రోజూ పది శీలావతులను చూసి, గోడ క్యాలెండర్ మీద సంఖ్య రాసేది. శివరాత్రికి సగటు పదికి దిగింది. ఉగాది నాటికి రెండు మూడు. సున్నాకు మాత్రం ఎప్పుడూ రాలేదు. రావాలని నేను ఆశించనూ లేదు. రెండు మూడు పేలతో చేప మేత తింటుంది, ఎదుగుతుంది. సున్నా కోసం వెంటపడితే మళ్లీ మందు డబ్బా దగ్గరికే చేరతాం.

ప్లాంక్టన్ వలలో నీటి ఈగలు మళ్లీ కనపడటానికి నెలకు పైగా పట్టింది. అవి వచ్చాక తెట్టు తగ్గింది. కట్ల ఎదుగుదల శీలావతి కన్నా వేగంగా తేరుకుంది. పట్టుబడి అనుకున్న దానికంటే దాదాపు రెండు నెలలు ఆలస్యమైంది. అదనపు మేత ఖర్చు పడింది, ఆ నష్టం నష్టమే. కానీ చేప మచ్చల్లేకుండా వెళ్లింది. ఐసు పెట్టెల్లో లారీ మీద కోల్‌కతా దాకా వెళ్లే చేపకు ఒంటిమీద ఎర్ర చుక్కలుంటే అక్కడ ధర తెగ్గోస్తారు. ఈసారి ఆ కోత లేదు.

దీన్ని ఎంతవరకు నమ్మాలి

ఇది ఒక్క చెరువు. ఫిబ్రవరి నుంచి నీరు వేడెక్కింది, చేప మేత పెరిగింది, దాని తట్టుకునే శక్తీ పెరిగి ఉంటుంది. పేను తగ్గడంలో ఇందులో దేని వాటా ఎంతో విడదీయలేను. రైతు బంధువుకు దగ్గర్లోనే మరో చెరువుంది. అదే చోటు నుంచి తెచ్చిన పిల్లలు, అదే మందు. గెడలు మార్చలేదు. అక్కడ శివరాత్రికి కూడా శీలావతికి ఇరవైకి పైగా పేలున్నాయి. నా నమ్మకాన్ని పెంచిన విషయమే, కానీ రుజువు అనను. ఆ చెరువులో చేప సంఖ్య కూడా ఎక్కువ. నిజంగా తేల్చాలంటే పక్కపక్క చెరువుల్లో, ఒకే సాంద్రతతో, గెడలు ఉన్నవీ లేనివీ పెట్టి, పంట పొడవునా లెక్కించాలి. విజయవాడలో భువనేశ్వర్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఉండిలో మత్స్య పరిశోధన స్థానం ఉంది. రైతులు చెరువులిస్తే ఇక్కడే చేయదగ్గ ప్రయోగం ఇది. జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మిగిలిన మార్పులు త్వరగా చెప్పేస్తాను. పంట అయ్యాక చెరువును నేల పగుళ్లిచ్చేదాకా ఎండబెట్టాం, సున్నం చల్లాం. కొత్త పిల్లలను కొనేముందు నర్సరీ చెరువులోనే బేసిన్‌లో తుడిచి చూస్తున్నాం, పేను కనిపిస్తే అక్కడే వైద్యం చేయించాకే తెస్తున్నాం. పట్టుబడి ముఠా ఒక చెరువు నుంచి మరో చెరువుకు తడి వలతో రాకూడదని షరతు పెట్టాం. వల ఆరడానికి ఒక పూట కూలి అదనంగా ఇవ్వడానికి రైతు ఒప్పుకున్నాడు. ఈ షరతు పెట్టడం కష్టం కాదు, కూలి ఇవ్వకుండా పెడితే మాత్రం నిలవదు.

చుట్టుపక్కల రైతులకు దీన్ని చెప్పడానికి హాలు, తెర ఏర్పాటు చేయలేదు. గట్టు మీద నాలుగు పాత గెడలు, ఒక భూతద్దం, ఎనామిల్ బేసిన్ పెట్టాం. ప్రతి ఒక్కరూ గుడ్డులోని కళ్లను తమ కళ్లతో చూశారు. చాలామంది అదే సాయంత్రం తమ చెరువులో గెడ పీకి చూసి ఫోను చేశారు. శిక్షణ అంటే నాకు తెలిసినంతలో ఇంతకంటే బలమైన రూపం లేదు. ఆ రోజు మాట్లాడిన వాళ్లలో ఎక్కువసేపు మాట్లాడింది కాపలాదారు భార్యే. రైతులు ఆవిడనే ఎక్కువ ప్రశ్నలడిగారు.

ఈ పద్ధతి పారని చెరువులూ ఉన్నాయి. గట్టుకు రాతి కట్టడం ఉన్నచోట, తూటికాడ దట్టంగా పెరిగినచోట పేనుకు గుడ్లు పెట్టే చోట్లు లెక్కలేనన్ని. అక్కడ పలకలు మాత్రమే చాలవని ఇప్పటికే తేలింది. అలాంటి ఒక చెరువులో ఈ వేసవిలో మరో పద్ధతి మొదలుపెట్టాం. రాతి గట్టు వైపు సంచులు తీసేసి చేపను ఎదుటి వైపుకు మళ్లించాం. నీటిమట్టం అడుగున్నర దించి, బయటపడిన రాళ్లను ఎండకు వదిలాం. తూటికాడను కోయించి గట్టు అవతల కుప్ప వేయించాం. వారం వారం లెక్కలు అందుతున్నాయి. పట్టుబడి పూర్తయ్యాక ఆ వివరాలు కూడా రాస్తాను.